నీరు పారింది, మిగులు ఎటు పోయింది?

వెనుకబడిన దేశం దీర్ఘకాలం నిలిచే ఆర్థికాభివృద్ధిని ఎలా సాధిస్తుందని అడిగితే గోదావరి జిల్లాల్లో ఎవరైనా ధవళేశ్వరం వైపు చూపిస్తారు. కాటన్ దొర ఆనకట్ట కట్టాడు, మనకింత అన్నం పుట్టింది అంటారు. నేను తెలుగు పాఠం చెప్పుకునే బడిపంతుల్ని, ఆర్థికశాస్త్రవేత్తను కాను. అయినా ఈ డెల్టాలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న నాకు ఆ జవాబు సగమే నిజమనిపిస్తోంది.

ఆ సగాన్ని ముందుగా ఒప్పుకోవాలి. 1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి అయిదున్నర లక్షల చిల్లరకు దిగింది. పక్కనే గోదావరి పారుతున్నా జనం నిలవలేకపోయారు. శిస్తు పడిపోయాక గాని కంపెనీ సర్కారు కళ్లు తెరవలేదు. 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. కాటన్ ప్రతిభను, ఆయన వెంట పనిచేసిన వీణెం వీరన్న కృషిని, వేలాది కూలీల చెమటను తక్కువ చేయనక్కరలేదు. కాని కంపెనీ నీళ్లిచ్చింది దయతో కాదు, శిస్తు కోసం. ఇది మరవరాదు.

నీరే సర్వస్వమనేవారు మంజీర మీది నిజాంసాగర్‌ను కూడా చూడాలి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ వంటి గొప్ప ఇంజనీరు ఆధ్వర్యంలో 1923లో మొదలైన ఆ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. నీళ్లు పారాయి, చెరకు పండింది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. అయినా ఆయకట్టు పల్లెల్లో దున్నేవాడి చేతికి డబ్బు రాలేదు. ఎనభై ఏళ్ల కాలం తేడా ఉంది కదా అనవచ్చు. కాలమే కారణమైతే, కోస్తా జిల్లాల రైతులు అంత దూరం వచ్చి ఆ భూములు కొని ఎలా స్థిరపడగలిగారు? నీళ్లు అక్కడివే, కొనగల శక్తి మాత్రం డెల్టా నుంచి వెళ్లింది. స్థానిక రైతుకు ఆ శక్తి ఎందుకు లేకపోయిందో వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ చదివితే అర్థమవుతుంది. నిజామాబాద్ ప్రాంతపు పల్లెలో దొర పెత్తనం, వెట్టి, భూమి కాజేయడం అందులో కళ్లకు కడతాయి. వెట్టి చేసేవాడికి మిగులు ఎక్కడిది?

డెల్టాలో జరిగింది వేరు. బకాయిలు కట్టలేని జమీందారీలు అనేకం సర్కారు వశమై రైత్వారీ కిందికి వచ్చాయి. పట్టాదారు రైతుకు శిస్తు పోగా కొంత మిగిలింది. ఆ మిగులున్న సమాజంలోనే బడికి, పత్రికకు, బ్యాంకుకు ఆదరువు దొరికింది. కందుకూరి వీరేశలింగం 1874లో బాలికల పాఠశాల పెట్టింది ధవళేశ్వరంలోనే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు వచ్చాయి. వీటి వెనుక సంస్కర్తల త్యాగం ఉంది, ఉద్యమం ఉంది. కాని ఆ ఉద్యమాన్ని పోషించిన గాదె కూడా ఉంది. పంట చదువుగా, చదువు కొత్త వృత్తులుగా మారినప్పుడే అభివృద్ధి ఒక తరంతో ఆగిపోలేదు.

అయితే ఆ గాదె ఎవరిది? 1922 నాటి ‘మాలపల్లి’లో ఉన్నవ లక్ష్మీనారాయణ అడిగింది ఇదే. కూలి కోసం పాలేళ్లను కూడగట్టిన సంగదాసు ఆసామి చేతిలో ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆ నవలను నాటి ప్రభుత్వం నిషేధించింది. నీళ్లొచ్చిన డెబ్బై ఏళ్లకు కూడా నాట్లు వేసిన చేతికి మిగులు అందలేదన్న మాట.

ఈనాటి సంగతీ చూద్దాం. డెల్టా మిగులు హైదరాబాదుకు, అమెరికాకు తరలింది. భూమి పట్టా ఒకరిది, సేద్యం కౌలు రైతుది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. కౌలుదార్ల కోసం అదే ఏడాది ఒక చట్టం, 2019లో మరొకటి వచ్చాయి. 2019 చట్టం కింద యజమాని సంతకం లేనిదే కౌలు కాగితం పుట్టలేదు కనుక చాలామందికి అది అక్కరకు రాలేదు.

నాట్ల రోజుల్లో మా బడి హాజరుపట్టీ తీస్తే ఇదంతా కనిపిస్తుంది. వెనుక బెంచీల పేర్లకు ఎదురుగా వరసగా ‘గై’లే. తల్లి నాట్లకు పోతే చెల్లిని ఎత్తుకుని ఇంటి దగ్గర ఉండే పిల్ల అది. నూట డెబ్బై ఏళ్లకు పైగా కాలువలో నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఆ పిల్ల పేరు ముందు ‘గై’ పోయేదాకా ఈ అభివృద్ధి సగమే. మిగతా సగానికి భూమి, కూలి, చదువు అనే మూడు కాలువలు మనమే తవ్వుకోవాలి. వాటిని ఏ దొరా తవ్వి ఇవ్వడు.