ఇరవై ఏడేళ్లు షెడ్డులో నిలబడ్డ నీలం కారు

"ఉండనీ, రిటైరయ్యాక బాగుచేస్తాను." ఈ మాట వినని ఇల్లాలు ఉండదనుకుంటాను. అటక మీద పాత టేప్ రికార్డర్, మెట్ల కింద టైర్లలో గాలిపోయిన స్కూటర్, బీరువా వెనక ఆడని గడియారం... ప్రతి ఇంట్లోనూ ఇలాంటి ఆస్తి ఏదో ఒకటి ఉంటుంది. దుమ్ము దులిపేది మనం. "దాని జోలికి వెళ్లకు" అనేది వాళ్లు. ఆ మాటను నిజంగా నిలబెట్టుకున్న ఒక భర్త కథ, అంతకంటే ముందు ఆ వస్తువును తన డబ్బుతో కొనుక్కున్న ఒక భార్య కథ ఈమధ్య చదివాను. ఆ వస్తువు చిన్నదేమీ కాదు, ఒక కారు.

అమెరికాలో ఉంటున్న మా పిన్ని కూతురు వాళ్ల పక్కింటాయన మూడేళ్లుగా ఒక పాత షెవర్లే కారును ఊడదీసి బిగిస్తున్నాడట. "అక్కా, వాళ్లావిడ బట్టలు మడతపెట్టుకునే బల్ల మీద కూడా నట్లూ బోల్టులే" అని ఫోన్లో నవ్వింది. కారంటే మెకానిక్ దగ్గరికి తోలుకెళ్లడమే తెలిసిన నాకు, ఇంట్లోనే మొత్తం కారు విప్పి మళ్లీ నిలబెట్టడం ఎలా కుదురుతుందో అర్థం కాలేదు. చదువుతూ పోతే అది వందేళ్ల పైబడిన కథ.

మొదట్లో కార్లను ఒక్కొక్కటిగా, చేత్తో సరిచేసుకుంటూ తయారుచేసేవారు. ఒక కారు భాగం ఇంకో కారుకు సరిపోయేది కాదు, ఆకురాయితో అరగదీసి అమర్చాల్సి వచ్చేది. 1908లో అమెరికా కంపెనీ కాడిలాక్ ఇంగ్లండులో ఒక పరీక్షకు సిద్ధపడింది. బ్రూక్‌లాండ్స్ అనే చోట మూడు కార్లను పూర్తిగా విప్పేశారు. మన ఇళ్లలో పెళ్లి అయిపోయాక గిన్నెలూ మూతలూ ఒకచోట పోసినట్టు, మూడు కార్ల భాగాలనూ కలిపేశారు. కొన్ని భాగాలు తీసేసి వాటి స్థానంలో దుకాణంలోని విడిభాగాలు ఇచ్చారు. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు మాత్రమే వాడి మళ్లీ మూడు కార్లు బిగించారు. ఒక్కో కారు మీద రంగులు కలగాపులగం అయిపోయాయి గానీ మూడూ స్టార్టయి, 500 మైళ్లు తిరిగాయి. ఏ మూత ఏ గిన్నెకైనా సరిపోతుందని రుజువైంది. ఇంట్లో కారు బాగుచేసుకోవడానికి పునాది ఇదే.

అదే ఏడాది హెన్రీ ఫోర్డ్ మోడల్ టీ వచ్చింది. మొదట 850 డాలర్ల దాకా ఉన్న ధర 1925 నాటికి 260 డాలర్లకు దిగింది. 1927లో ఆపేసేనాటికి కోటిన్నర బళ్లు తయారయ్యాయి. కొన్నవాళ్లలో పల్లెటూరి రైతులు చాలామంది. దగ్గర్లో మెకానిక్ ఉండడు, కాబట్టి కొట్టంలోనే బాగుచేసుకోవాలి. విడిభాగాలు ఇనప సామాన్ల కొట్లలోనూ పోస్టులోనూ దొరికేవి. నాగలి బాగుచేసుకున్నట్టే కారు బాగుచేసుకోవడమూ ఇంటి పనుల్లో ఒకటైంది.

ఆ తర్వాత గాలి ఎదురు తిరిగింది. 1920ల నుంచి జనరల్ మోటార్స్ ఏటేటా రూపం మార్చిన కార్లు తేవడం మొదలుపెట్టింది. నిరుటి కారు బాగానే నడుస్తున్నా పాతదిగా కనిపించాలి. చీరల్లో ఈ కిటుకు మనకు కొత్తేమీ కాదు! అయినా పాతవాటిని వదలనివాళ్లు ఉండనే ఉన్నారు. 1935లో ఫిలడెల్ఫియాలో పాత కార్ల ప్రేమికులు ఒక క్లబ్బు పెట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో 1942 నుంచి 1945 దాకా సొంత వాడకానికి కార్ల తయారీ ఆగిపోయినప్పుడు, దేశమంతా ఉన్న బండినే బతికించుకుంది.

ఇక మన నీలం కారు దగ్గరికి వస్తాను.

1964లో చికాగోలో గెయిల్ అనే 22 ఏళ్ల అమ్మాయికి టీచరు ఉద్యోగం వచ్చింది. మూడో తరగతి పిల్లలకు చదువు చెప్పాలి. బడికి వెళ్లాలంటే కారు కావాలి. ఏడాది జీతం 5,000 డాలర్లు. అమ్మానాన్నలు అప్పుగా డబ్బు సర్దారు. ఈ అప్పు సంగతి దగ్గర నేను కాసేపు ఆగాను. ఆ రోజుల్లో అమెరికాలో ఆడపిల్ల సొంత పేరుతో బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. భర్త సంతకమో తండ్రి హామీయో అడిగేవారు. ఆడా మగా తేడా చూపించి అప్పు నిరాకరించకూడదని చట్టం వచ్చింది 1974లో, అంటే ఈ అమ్మాయి కారు కొన్న పదేళ్లకు.

ఏప్రిల్ 15న తల్లిదండ్రులతో కలిసి ఫోర్డ్ షోరూంకు వెళ్లింది. టాపు మడిచి పెట్టుకునే కారు కావాలంది. బయట అలాంటిది లేదు. అమ్మే అతను వెనక గదిలోకి తీసుకెళ్లి, కప్పి ఉంచిన గుడ్డ తొలగించాడు. లేత నీలం రంగు ఫోర్డ్ మస్టాంగ్. నడిపి చూడకుండానే కొనేసింది. బిల్లు 3,447 డాలర్ల 50 సెంట్లు, అంటే ఎనిమిది నెలల పైచిలుకు జీతం.

ఆ కారు ఇంకా లోకానికి తెలియదు. మస్టాంగ్‌ను ఫోర్డ్ కంపెనీ న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో విడుదల చేసింది ఏప్రిల్ 17న, అంటే రెండు రోజుల తర్వాత. ఆ ఒక్క రోజే 22,000 ఆర్డర్లు వచ్చాయంటారు. ఏడాదిలో నాలుగు లక్షలు దాటాయి, రెండేళ్లు నిండకముందే పది లక్షలు. సాదా ఫాల్కన్ కారు భాగాలు చాలావరకు వాడుకుని, పైకి కొత్త సోకు తొడిగారు. అందుకే ప్రారంభ ధర 2,368 డాలర్లకే ఇవ్వగలిగారు. టాపు, ఇంజను లాంటి కోరికలు పెరిగినకొద్దీ బిల్లు పెరిగేది. కొత్త టీచరమ్మ ఆ కారులో వీధిలోకి వస్తే జనం చేతులూపి, ఆపి చూసేవారట.

పెళ్లయింది. భర్త పేరు టామ్ వైజ్. నలుగురు పిల్లలు. పదిహేనేళ్లు ఆ కారే తిరిగింది. మెల్లగా తుప్పు పట్టింది. చలికాలంలో మంచు కరగడానికి ఆ ప్రాంతపు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. 1979లో ఒకరోజు కారు మొరాయిస్తే టామ్ దాన్ని గ్యారేజ్‌లోకి తోశారు. వచ్చే వారం చూద్దామనుకున్నారు. ఆ వచ్చే వారం ఇరవై ఏడేళ్ల తర్వాత వచ్చింది!

మధ్యలో గెయిల్ దాన్ని తీసేద్దామన్నారు. టామ్ జవాబు మీరు ఊహించగలరు: "అది నా రిటైర్మెంట్ పని."

అన్నేళ్లు కదలని కారులో ఏం జరుగుతుందో చదివాక, నిలిపి ఉంచితే వస్తువు భద్రంగా ఉంటుందన్న నా నమ్మకం పోయింది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురులా మారి గొట్టాలనూ కార్బ్యురేటర్‌నూ మూసేస్తుంది. బ్రేక్ నూనె గాలిలోని తేమ పీల్చుకుంటుంది, దాంతో లోపల్నుంచి తుప్పు మొదలవుతుంది. పాత పప్పు డబ్బా మూతలోని వాషరులా రబ్బరు గట్టిపడి పగులుతుంది. సిలిండర్లో పిస్టన్ అతుక్కుపోవచ్చు. సీటు దూదిలో ఎలుకలు కాపురం పెట్టి, తీగలు కొరుకుతాయి.

అందుకే ఇలాంటి కారుకు తాళంచెవి పెట్టి తిప్పడం మొదటి పని కాదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో కాస్త నూనె పోసి, నాననిచ్చి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పి చూస్తారు. కదిలితే ప్రాణం ఉన్నట్టు. ట్యాంకు దించి శుభ్రం చేయడం, గొట్టాలు మార్చడం తర్వాత. తుప్పు తిన్న రేకును కోసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తారు. పుట్టీ పెట్టి పైన రంగు వేస్తే నాలుగు రోజులు నిగనిగలాడి మళ్లీ లోపల్నుంచి తినేస్తుంది. చెమ్మ గోడకు సున్నం వేసినట్టే. మస్టాంగులో ముందు అద్దం కింద గాలి వచ్చే అర ఒకటి ఉంటుంది. అక్కడ తుప్పు పడితే వాన నీళ్లు కాళ్ల దగ్గరికే కారుతాయి. పైకి కనిపించని ఆ చోటును పాత కార్లు కొనేవాళ్లు ముందు చూస్తారట.

విప్పడం ఒక పూట పని, బిగించడం ఏళ్ల పని. ఇంట్లో చేసేవాళ్లు విప్పేముందు ప్రతి భాగానికీ ఫొటో తీసి, దాని బోల్టులు విడి సంచిలో వేసి, చీటీ రాసి పెడతారు. ఊరగాయ జాడీలకు తేదీ చీటీ అంటించే మన పద్ధతే. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి దూరకూడదు, గట్టి స్టాండులు ఉండాలి. ఆనాటి బ్రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదకూడదు. మీ ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే ఈ రెండు మాటలు మాత్రం మొహమాటపడకుండా చెప్పండి.

లక్షల్లో అమ్ముడైన కారు కావడం ఇక్కడ కలిసొస్తుంది. మస్టాంగుకు అద్దం కింది రబ్బరు నుంచి తలుపుల దాకా ఈనాటికీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. కాడిలాక్ పరీక్షలో తేలిన సంగతి అరవై ఏళ్ల నాటి కారును కూడా కాపాడుతోంది.

2006 ప్రాంతంలో, రిటైరైన టామ్ నిజంగానే పని మొదలుపెట్టారు. ఇంచుమించు ఏడాది పట్టింది. కారు మళ్లీ నీలంగా, నిండుగా రోడ్డెక్కింది. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో ఎవరో మొదటి మస్టాంగ్ కొన్నది తామేనని చెప్పుకోవడం ఆయన కంట పడింది. వీళ్లింట్లో ఉన్న బిల్లు తీస్తే దాని మీద అంతకంటే ముందు తేదీ ఉంది: 1964 ఏప్రిల్ 15. అమెరికాలో అమ్ముడైన మొదటి మస్టాంగుగా గెయిల్ కారుకు పేరొచ్చింది. ఆ బిల్లు ఏ శుభ్రం చేసే రోజునో చెత్తలోకి పోయి ఉంటే, అది కూడా ఒక పాత నీలం కారుగానే మిగిలేది.

ఇదే సమయంలో కెనడాలోనూ ఒకటి జరిగింది. వరుస సంఖ్యల్లో మొట్టమొదటి మస్టాంగును ప్రదర్శనకని పంపితే, విడుదలకు ముందే స్టాన్లీ టక్కర్ అనే విమాన పైలట్ కొనేశారు. కంపెనీ వెనక్కి అడిగితే వెంటనే ఇవ్వలేదు. రెండేళ్లు హాయిగా తిరిగి, మస్టాంగుల లెక్క పది లక్షలకు చేరినప్పుడు ఒక సరికొత్త కారు తీసుకుని పాతది ఇచ్చారు. ఇప్పుడది హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది.

రెండూ చరిత్రే. ఒకదాన్ని కంపెనీ భద్రపరిచింది, రెండోదాన్ని ఒక సంసారం భద్రపరిచింది. మ్యూజియంకు జాగా ఉంటుంది, జీతగాళ్లు ఉంటారు. సంసారంలో ఆ జాగా ఇంకెవరిదో అయి ఉంటుంది. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఇరవై ఏడేళ్ల పాటు గ్యారేజ్ సగం వదులుకోవడం చిన్న ఖర్చు కాదు. తీసేద్దామన్న గెయిల్ తప్పేమీ అనలేదు. దాచినాయనకు మెచ్చుకోళ్లు వస్తాయి, పక్కకు జరిగి దారి ఇచ్చినావిడ ఓపిక ఏ బిల్లు మీదా ఉండదు.

ఈ కథ విన్న మగవాళ్లు "చూశావా, నేను దాచింది కూడా" అని స్కూటర్ వైపు చూపిస్తారని నాకు తెలుసు. దానికి నా జవాబు సిద్ధంగా ఉంది. ఆ కారు ఇరవై ఏడేళ్లు దాచినందుకు బతకలేదు. ఆ దాచిన కాలమంతా అది పాడవుతూనే ఉంది. ఆఖరి ఏడాదిలో పడ్డ శ్రమ దాన్ని బతికించింది. ఉంచుకోవడానికి మనసు చాలు, బాగుచేయడానికి చేతులు కావాలి. కాబట్టి మీ ఇంట్లోని వస్తువును పారేయమని పోరు పెట్టకండి. ఏ తేదీన మొదలుపెడతారో మాత్రం అడగండి. దాని బిల్లూ కాగితాలూ ఎక్కడున్నాయో వెతికి, ఒక కవర్లో పెట్టి, పైన పేరు రాసి ఉంచండి. ఏమో, దాని మీద ఉన్నది మీ పేరే కావచ్చు.