ఔషధమునకు ముందు వంశవృత్తాంతము

షార్జా ఏలుబడిలోని కల్బా పట్టణము ఒమాన్ సింధుశాఖ యొడ్డున, మడయడవి నానుకొని యున్నది. ఐక్య అరబ్ ఎమిరేట్ల తూర్పు తీరమును ఒకప్పుడు పీడించిన మలేరియా నేడు లేదు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశమును మలేరియారహితమని ప్రకటించినది. కాని వ్యాధి తొలగినను, తరతరములు దాని నెదుర్కొనిన రక్తమునందలి గుర్తు తొలగలేదు: జీ6పీడీ అను ఎంజైము కొరత గల్ఫ్ తీరవాసులలో నేటికిని కానవచ్చును. వృద్ధునకు మాత్ర నిచ్చుటకు ముందు అతని జన్యువు నడుగవలెనను నేటి యాలోచనకు ఒక మూలము ఈ కొరతయే.

మలేరియా మందగు ప్రైమాక్విన్ పుచ్చుకొనిన కొందరిలో, ముఖ్యముగ ఆఫ్రికా సంతతి అమెరికనులలో, ఎఱ్ఱకణములు చిట్లుచుండగా, అందులకు ఈ ఎంజైము లోపమే హేతువని 1956లో చికాగో పరిశోధకులు నిర్ధారించిరి. 1959లో ఫ్రీడ్రిష్ వోగెల్, మందుల ప్రభావమును జన్యువులతో ముడిపెట్టు ఈ శాస్త్రమునకు ఫార్మకోజెనెటిక్స్ అని పేరిడెను.

ఈ చరిత్రలో తెలుగువారి ప్రస్తావన కొంత నిలిచి చెప్పదగినది. శస్త్రచికిత్సలో కండరములను సడలించుటకిచ్చు సక్సినైల్ కోలిన్ ప్రభావము సామాన్యముగ కొద్ది నిమిషములలో తీరును. దానిని విరుగజేయు ఎంజైము లోపించినవారికి మాత్రము గంటల తరబడి శ్వాస తనంత తానాడదు. ఇది వంశానుగతమని టొరంటోలో వెర్నర్ కాలో చూపెను. మన ఆర్యవైశ్యులలో ఈ లోపము హెచ్చుగ నుండుటను వైద్యులు గమనించిరి. దాని వెనుకనున్న జన్యుమార్పును ఈ శతాబ్ది తొలి దశకమున శాస్త్రజ్ఞులు గుర్తించిరి. శతాబ్దములుగ స్వజనమునందే సంబంధములు కలుపుకొనిన సమాజమున ఒక మార్పు నిలిచిపోవుట సహజము. ఇందు నింద కెడము లేదు. “మీ యింట మత్తు నుండి ఆలస్యముగ తేరుకొనిన వారు కలరా?” యని ముందుగ నడిగిన వైద్యుడు ఒక ప్రాణమును కాపాడగలడు.

వృద్ధాశ్రమములలోని చిక్కు ఇంతకంటె జటిలము. అచ్చట ఒక్కొక్కరికి అయిదారు మందులు నిత్యము నడచుచుండును. గుండెపోటు పిమ్మట తఱచుగ నిచ్చు క్లోపిడోగ్రెల్, కాలేయమున సీవైపీ2సీ19 ఎంజైముచే మారినగాని పనిచేయదు. ఆ ఎంజైమును మందగింపజేయు జన్యురూపములు దక్షిణాసియావాసులలో ఐరోపావారికంటె హెచ్చు. ఎంజైము మందగించినవారికి ఆ మందు ఫలితము తగ్గునను కారణముచేత 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందుపై హెచ్చరిక చేర్చించెను. 12 జన్యువులను పరీక్షించి మందులను నిర్ణయించినచో దుష్ప్రభావములు సుమారు 30 శాతము తగ్గెనని ఏడు ఐరోపా దేశముల పరిశోధన 2023లో తెలిపినది.

ఎమిరేట్లు పది లక్షల పౌరుల జన్యుక్రమమును సేకరింప సంకల్పించినవి. అయినను, కల్బాలో కొలువు చేయు తెలుగు కుమారునకు కావలసినది, స్వదేశమున వృద్ధాశ్రమముననున్న తన తల్లి పరీక్షాఫలితము ఆమె మందులచీటీతో కూడ ప్రతి వైద్యుని చేతికి చేరుట. పుట్టుకతో వచ్చిన జన్యువు మారదు గనుక పరీక్ష ఒకమారు చాలును. వయసుతో మారు మూత్రపిండముల శక్తిని మాత్రము మరల మరల పరీక్షింపవలసియే యుండును.