పాతయంత్రమునకు క్రొత్తవేషము

1984లో భారత ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకమున దాదాపు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటరుల నిచ్చెను. 1981లో ఇంగ్లండున బుట్టిన యాయంత్రమునకు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఫ్లాపీలపై నున్న నాటి పాఠములు యంత్రము లేనిదే తెరపైకి రావు. ఫ్లాపీల పూతయు నానాటికి జెడుచున్నది.

ఇందులకు మందు ఎమ్యులేటరు. మన నల్లగొండ, పాలమూరు పల్లెల యక్షగానమున నొక నటుడు హరిశ్చంద్రుడై పలికినట్లు, నేటి డెస్కుటాపు పాతయంత్రపు వేషము దాల్చి, దాని 6502 చిప్పునకై వ్రాసిన యాజ్ఞల నొక్కొక్కటిగా జదివి నడపును. పాతచిప్పునకు సెకనుకు 20 లక్షల స్పందనలు. నేటిది వేయిరెట్లకు మించి చురుకైనది గనుక, కావలెననియే నడుమ నడుమ నాగవలసివచ్చును! అయినను వేషగాడు మాటలను స్వయముగా గల్పింపజాలడు. పాతయంత్రపు రోము చిప్పులోని మూలప్రోగ్రామును, అది బ్రతికియుండగనే, నకలు దీసి యీయవలయును.