వెంట వచ్చే ధూళి

అభిజ్ఞాన శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుని రథం లేడిని తరుముతూ వస్తుంది. పగ్గాలు వదిలిన గుర్రాల వేగాన్ని సారథి రాజుకు వర్ణించి చెబుతాడు. తమ గిట్టలు లేపిన ధూళికి సైతం అవి అందడం లేదన్నది అతని మాటల సారం. సంస్కృత కవులకు, వారి బాటలో నడిచిన మన ప్రబంధకవులకు ధూళి అంటే వెనుక మిగిలిపోయేది. సేన కదిలితే ఆకాశాన్ని కప్పేది, వేగం పెరిగితే ఓడిపోయేది. చాలాకాలం నేనూ అదే నిజమని నమ్మాను.

కిందటి మాఘమాసంలో మా మేనల్లుడు హైదరాబాదు నుంచి కొత్త కారులో నర్సంపేట వచ్చాడు. నేలకు జానెడెత్తున, చిరుతపులి పొంచి కూర్చున్నట్లుండే ఎర్రని స్పోర్ట్సు కారు అది. ఇద్దరమూ పాకాల చెరువు చూసి, ఆ పైన మొరం బాటలో కొంతదూరం పోయి తిరిగివచ్చాము. ఇంటిముందు దిగి చూస్తే కారు ముక్కు మీద నాలుగు పురుగుల మరకలు తప్ప మురికి లేదు. వెనుకభాగం మాత్రం పిండి చల్లినట్లు ఎర్రమట్టితో నిండిపోయింది. పొగగొట్టాల చుట్టూ మిరియపు పొడి చిలికినట్లు నల్లని చుక్కలు. వాడు నడుముమీద చేతులు పెట్టుకొని, "ముక్కు గదా మామా ముందు పోయేది! మురికి తోకకెట్ల అంటింది?" అన్నాడు.

ప్రశ్న చిన్నదే. నాకది యాభై ఏళ్లనాటి ప్రశ్న.

నర్సంపేట నుంచి తూర్పుగా పాకాల దాకా బాట ఎంత పాతదో చెప్పడం కష్టం. పదమూడవ శతాబ్ది తొలిపాదంలో, కాకతి గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు అది. ఆ కట్ట కోసం రాళ్లు, మట్టి మోసిన బండ్లు ఇటే తిరిగి ఉంటాయి. ఎద్దుబండి ధూళికి మర్యాద తెలుసు. చక్రం నుంచి లేస్తుంది, గాలి ఎటుంటే అటు వాలుతుంది. సాయంవేళ గొడ్లు ఇల్లు చేరేటప్పుడు లేచే దుమ్మును గోధూళి అని పిలిచి, దానికొక శుభముహూర్తాన్ని సైతం కట్టబెట్టుకున్నాము. మోటారు బండి దుమ్ముకు ఏ భాషలోనూ అంత గౌరవం దక్కినట్లు లేదు.

నిజాం రాజ్యంలో ఆ కొత్త దుమ్ము మొదట నగరంలో లేచింది, మొదట అణగిందీ నగరంలోనే. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తయారైన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సింహాసనపు కారు, 1911లో ఆయన గతించిన తరువాత గాని ఇక్కడికి చేరలేదు. ఏడవ నిజాం దానిని ఉత్సవాలకే వాడాడు. మొత్తం మీద కొన్ని వందల మైళ్లు మాత్రమే తిరిగిన బండి అంటారు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెసులో ఉంది; దాని వెనుక భాగం అంత శుభ్రంగా ఉండడంలో వింతేమీ లేదు. ఉస్మాన్ అలీఖాన్ కాలంలో నగర వీధులకు సిమెంటు రోడ్లు వచ్చి, వాటికి పెద్ద పేరు వచ్చింది. జిల్లాలకు బస్సులు వచ్చాయి గాని సిమెంటు రాలేదు. నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ఆ శాఖ 1951 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. పేర్లు మారినా బస్సు ఆకారం మారలేదు. చక్రాల మీద నిలబెట్టిన పెట్టె.

నా చిన్నతనాన పాకాల దాటి కొత్తగూడ వైపు పోయే బస్సులో వెనుక సీటు ఎవరికి దక్కేదో బాగా గుర్తు. ఆలస్యంగా ఎక్కినవారికి, మూటలున్నవారికి, ముందు కూర్చోమని ఎవరూ పిలవనివారికి. ఊరు దాటగానే కండక్టరు "వెనుక అద్దాలు మూయుండ్రి!" అని కేకవేసేవాడు. బస్సు ముందుకు పోతుంటే దుమ్ము వెనక్కు గదా పోవాలి, మూయడమెందుకని ఎదురుచెప్పి ఒకసారి అద్దం తెరిచే ఉంచాను. పది నిమిషాలలో నా తల నెరిసింది. ముందు సీట్లలోని వారి చొక్కాలు ఇస్త్రీ నలగలేదు. పుస్తకం చదవని ఆ కండక్టరుకు తెలిసిన విషయమే తరువాత నేను పుస్తకాలలో వెదికి పట్టుకున్నాను.

విషయమిది. బస్సు గాని, కారు గాని పోతున్నప్పుడు తన ముందున్న గాలిని పక్కలకు, పైకి, కిందికి తోస్తుంది. ఆ గాలి బండి ఒంటినంటుకొని వెనుకదాకా వస్తుంది. అక్కడ ఒళ్లు హఠాత్తుగా తెగిపోతుంది. వేగంగా వస్తున్న గాలి ఆ మూల తిరగలేదు; ఒంటిని విడిచి నేరుగా సాగిపోతుంది. తోక వెనుక ఒక వెలితి, చుట్టుపక్కలకన్న పీడనం తక్కువైన చోటు, మిగులుతుంది. ఆ వెలితిని పూడ్చడానికి పై నుంచి, కింది నుంచి గాలి సుళ్లు తిరుగుతూ మళ్లీ బండి వైపే వస్తుంది. పెట్టెలాంటి బండికి ఈ సుడి దాని ఎత్తుకు ఒకటి, ఒకటిన్నర రెట్ల దూరం దాకా తోకలా వెంటవస్తుంది. చక్రాలు లేపిన దుమ్ములో ముతక రేణువులు బరువుతో నేలకు రాలుతాయి. సన్నని ధూళికి సొంత దారి లేదు; గాలి తిరిగితే తానూ తిరుగుతుంది. సుడిలో చిక్కి వెనుక అద్దానికి తగులుతుంది. అక్కడ గాలి మందగిస్తుంది గనుక ఒకసారి అంటుకున్న ధూళిని ఊడ్చిపోయే బలం దానికి లేదు. కిటికీ తెరిచి ఉంటే లోపలికే వస్తుంది. ముక్కు శుభ్రంగా ఉండడానికీ ఇదే కారణం: అక్కడికి వచ్చేది ఇంకా ఎవరూ చెరపని గాలి.

సారథి చెప్పింది గుర్రాల సంగతి, రథం వెనుక భాగం సంగతి కాదు. వెనుక తెరిచి ఉండే రథంలో ధూళి సుడి తిరిగి రాజుగారి వీపునే చేరి ఉంటుందని నా అనుమానం.

గాలి ఇలా ఒంటిని విడిచిపోయే తీరును మొదట స్పష్టంగా వివరించినవాడు జర్మనీ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ ప్రాంట్ల్. 1904లో హైడెల్‌బర్గులో జరిగిన గణిత మహాసభలో కొద్ది నిమిషాల ప్రసంగంతో ఆ పని చేశాడు. విమానాలవారు దానిని అందుకున్నారు. కార్లవారిలో పాల్ యారే, తోకను నీటిబొట్టులా సన్నగా సాగదీస్తే సుడి చిన్నదవుతుందన్నాడు. అంత పొడవు తోకను వీధిలో తిప్పడమెలా? 1930 దశకంలో స్టుట్‌గార్టులో వూనిబాల్డ్ కామ్ మధ్యేమార్గం చూపాడు: కొంతదూరం సన్నగిల్లనిచ్చి, తరువాత నిటారుగా నరికివేయడం. 1962 నాటి ఫెరారీ 250 జీటీవో మొదలు ఎన్నో పందెపు కార్ల తోకలు ఈ నరుకుడువే. గాలి అడ్డు తగ్గుతుంది గాని, నరికినచోట సుడి ఉండనే ఉంటుంది. మా మేనల్లుడి కారుకు మట్టి అక్కడే అంటింది. నేలకు దగ్గరగా ఉండే ఒళ్లు, వెడల్పైన వెనుక టైర్లు ఆ సుడికి మేత వేస్తాయి. పాత అంబాసిడర్‌కు డిక్కీ పొడవుగా ఉండడంతో వెనుక అద్దం ఆ సుడికి కొంత దూరంగా ఉండేది. డిక్కీ లేని పొట్టి కార్లలో చాలావాటికి వెనుక అద్దానికీ వైపరు పెట్టవలసి వచ్చిందంటే కారణం ఇదే.

ఇక నల్లని చుక్కలు. వాటిని మట్టితో కలిపి చూడరాదు. బండిని చల్లగా ఉన్నప్పుడు నడిపిస్తే, పెట్రోలు మండగా పుట్టిన నీటి ఆవిరి పొగగొట్టంలో చెమర్చి, లోపలి మసిని తడిపి, తుంపరలుగా బయటికి చిమ్ముతుంది. సుడి దానిని తెచ్చి తోకకే అద్దుతుంది. పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే నేటి ఇంజన్లలో పాతవాటికన్న సన్నని మసి ఎక్కువ పుడుతుంది. డీజిలు సంగతి చెప్పనక్కరలేదు. దాని పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012 జూన్‌లో నిర్ధారించింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాకనే డీజిలు బండ్లలో మసిని పట్టే వడపోత మామూలు వస్తువైంది.

రోడ్డు ధూళిని రోగంగా చూసినవారిలో ముందుగా చెప్పవలసినవాడు ఇంజనీరు కాదు, వైద్యుడు. స్విట్జర్లాండుకు చెందిన గుగ్లియెల్‌మినెట్టి 1902లో మొనాకోలో ఒక వీధి మీద వేడి తారు పోయించి, కార్లు లేపే దుమ్మును అణచి చూపాడు. జనం ఆయనకు తారు డాక్టరని పేరు పెట్టారు. ఆ తారు, మనవారు డాంబరనేది, మా వైపు మారుమూల బాటలకు చేరడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో మా తరంవారు తమ ఊపిరితిత్తులను అడిగి తెలుసుకోవచ్చు.

మా నాన్న బడిపంతులు. రోజూ సైకిలు మీద పొరుగూరి బడికి పోయేవాడు. ఎదురుగా బస్సు వస్తే దిగి, బాటకు వీపు తిప్పి, దస్తీ ముక్కుకు పెట్టుకొని నిలబడేవాడు. బస్సు దాటిపోయినా వెంటనే ఎక్కేవాడు కాదు; "దాని దుమ్ము దానెంట పోనీ" అనేవాడు. దానెంట కొంతే పోయేది. తక్కినది ఆయనకు మిగిలేది. చివరి పదేళ్లు దగ్గుతోనే గడిచాయి. దానికి ఆ ధూళే కారణమని నేననలేను. కాదనీ అనలేను.

ఇదంతా చెప్పి ముగించేసరికి మేనల్లుడు కారు కడగడానికి గొట్టం తెచ్చాడు. మేడారం జాతరకు పోయే బండ్లు మల్లంపల్లి దారి పట్టి వరుసగా పోతున్నాయి. తిరిగివచ్చేటప్పుడు వాటి వెనుక అద్దాలన్నీ పలకలవుతాయి. వేళ్లతో రాసిన పేర్లు, బాణం గుచ్చిన గుండెలు, ఊళ్ల పేర్లు వాటి మీద కనిపిస్తాయి. మేము అరుగు మీద మాట్లాడుతుండగా వీధిలోని పిల్లలెవరో ఈ కారు తోక మీదా తమ పని కానిచ్చారు. ఎర్రమట్టిలో ఎగుడుదిగుడుగా అ నుంచి ఎ దాకా అక్షరాలున్నాయి. ఋ రాయడం రాక వదిలేశారు. మేనల్లుడు నీళ్లు వదలబోయి ఆగాడు. వేలితో ఆ ఖాళీలో ఋ రాసి, తరువాత కడిగాడు.