ద్యూతవ్యసన పరిశోధనా పురస్కారములు

జూదమునందలి ఆసక్తి అదుపుతప్పి ధనమును, కుటుంబమును, వృత్తిని సైతము హరించు వ్యసనముగా పరిణమించు తీరును శాస్త్రదృష్టితో పరిశీలించిన విద్వాంసుల కొసగు గౌరవములకు ఈ పేరు చెల్లును. అమెరికా మనోవైద్య సంఘము 1980లో ఈ వ్యసనమును రుగ్మతగా గుర్తించి, 2013లో మద్యాది వ్యసనముల వర్గమున చేర్చెను. 1996లో అచ్చట వెలసిన నేషనల్ సెంటర్ ఫర్ రెస్పాన్సిబుల్ గేమింగ్ అను సంస్థ ప్రౌఢ పరిశోధకులకును యువ పరిశోధకులకును వేర్వేరుగా పురస్కారముల నొసగుచు వచ్చినది. అయితే దాని నిధులు ప్రధానముగా కాసినో వ్యాపారమునుండియే లభించుటచే, కల్లుదుకాణదారుడు మద్యనిషేధ సభకు పందిరి వేయించినట్లున్నదను ఆక్షేపణ అకారణము కాదు.

తెలుగునాట జూదమేది, నేర్పుగల ఆట ఏది అను ప్రశ్న న్యాయస్థానమున విచారణకు వచ్చిన తీరు విశేషమైనది. సికింద్రాబాదునందు, 1963 మే 4న, క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడిచేసి, పందెమొడ్డి రమ్మీ ఆడువారిని పట్టుకొనిరి. ఫసలీ 1305 నాటి హైదరాబాదు జూదచట్టము క్రింద దిగువ న్యాయస్థానము శిక్షించినను, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొని, ఏది నిలుపవలెనో ఏది విసర్జింపవలెనో నిర్ణయించుటకు నైపుణ్యము కావలయునని, ఆ ఆట కేవల మదృష్టాధీనము కాదని పలికి, సుప్రీంకోర్టు 1967 నవంబరు 22న వారి విముక్తిని స్థిరపరచెను. నేర్పుగల ఆటకు వ్యసనము సోకదనుట మాత్రము భ్రమ. 2017లో తెలంగాణ ప్రభుత్వము తన జూదచట్టమును సవరించి, పందెపు రమ్మీకి గల ఆ రక్షణను తొలగించి, ఆన్‌లైన్ జూదమునుగూడ నిషేధించెను.