చెఱసాల పట్టభద్రులు

చెఱసాల యనగానే తెలుగువారి మనస్సునకు ముందుగా తోచునది గోల్కొండ కోటలో రామదాసును బంధించిన చీకటి గది. ఆ గదినుండి కీర్తనలు వెలువడినవి. తరువాతి కాలమున మాండలే చెఱలో తిలక్ మహాశయులు గీతారహస్యమును వ్రాసిరి. అహమ్మదునగరు కోటలో నెహ్రూ పండితులు మన దేశచరిత్రను తలపోసి గ్రంథముగా కూర్చిరి. కావున చెఱసాలలో గ్రంథము పుట్టుట మనకు క్రొత్త కాదు. కాని చెఱసాలలో కూర్చుండి పాఠములు చదివి, పరీక్షలు వ్రాసి, విశ్వవిద్యాలయమువారివలన పట్టము పొందుట వేఱు సంగతి. గ్రంథరచనకు కాగితము, కలము, ఓర్పు చాలును. పట్టమునకు పుస్తకములు కావలెను, రుసుము కావలెను, తపాలా కావలెను. అన్నిటికి మించి జైలు అధికారి అనుమతి కావలెను. బంధించినవాని అనుమతిపై ఆధారపడిన చదువు బందీని స్వతంత్రుని చేయగలదా? ఈ ప్రశ్నకు దక్షిణాఫ్రికాలోని రాబెన్ ద్వీపమున ముప్పది సంవత్సరముల చరిత్ర సమాధానము చెప్పుచున్నది. ఆ చరిత్రను మేము శ్రోతలకు మనవి చేయదలచితిమి.

కేప్‌టౌన్ నగరపు ఒడ్డున నిలిచి చూచినచో సముద్రములో కొలది మైళ్ల దూరమున చదునైన చిన్న దీవి యొకటి కనబడును. డచ్చి భాషలో రాబెన్ అనగా సీలు అను సముద్రజంతువులు. పదునేడవ శతాబ్దినుండి డచ్చివారును, తరువాత ఆంగ్లేయులును తమకు ఎదురు తిరిగినవారిని ఆ దీవికి పంపుచు వచ్చిరి. 1846 నుండి 1931 వరకు కుష్ఠురోగులను అచ్చట నుంచిరి. 1961లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము దానిని కట్టుదిట్టమైన కారాగారముగా మార్చెను.

1964 జూన్ 12వ తేదీన రివోనియా కేసులో ఎనిమిది మందికి యావజ్జీవ శిక్ష విధింపబడెను. వారిలో నెల్సన్ మండేలా, వాల్టర్ సిసులు, గోవన్ ఎంబెకి, రేమండ్ ఎమ్‌హ్లాబా, ఎలియాస్ మొట్సొఅలేది, ఆండ్రూ ఎమ్లంగేని, అహమద్ కత్రాడా అను ఏడుగురిని రాబెన్ ద్వీపమునకు కొనిపోయిరి. ఎనిమిదవవారగు డెనిస్ గోల్డ్‌బర్గ్ తెల్లజాతివారు. కనుక ఆయనను ప్రిటోరియాలోని జైలులోనే ఉంచిరి. శిక్ష యొక్కటే, కాని జైలు మాత్రము ఒంటిరంగును బట్టి మాఱెను. ద్వీపము చేరిన తరువాతను ఈ భేదము పోలేదు. నల్లవారికి మోకాళ్లవరకు వచ్చు పొట్టి లాగులు ఇచ్చిరి. భారత సంతతివారగు కత్రాడాకు పొడుగు లాగు ఇచ్చిరి. ఆయనకు రొట్టె దొరకెను, తక్కినవారికి దొరకలేదు.

చదువు విషయమున ఆ ప్రభుత్వపు తీరు ఎట్టిదో ముందుగా తెలిసికొనవలెను. 1953లో బంటూ విద్యాచట్టము వచ్చెను. నల్లబిడ్డల చదువును వేఱుపఱచి, వారిని కూలిపనికి మించిన ఆశ లేకుండ పెంచుటయే దాని ఉద్దేశము. 1959లో మఱియొక చట్టముచేత, అంతవరకు అన్ని జాతులవారిని చేర్చుకొనుచుండిన కేప్‌టౌన్, విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయముల తలుపులు నల్లవారికి మూయబడెను. ప్రత్యేకానుమతి లేనిదే ప్రవేశము లేకపోయెను. ఒక్కొక్క జాతికి వేఱువేఱు కళాశాలలు ఏర్పడినవి. 1860 నుండి చెఱకుతోటల పనికై మద్రాసు రేవున ఓడలెక్కి నేటాలు చేరిన కూలీలలో తెలుగువారును కలరు గదా! అట్టి భారతీయుల మనుమలకొఱకు 1961లో దర్బను రేవులోని సాలిస్‌బరీ దీవియందు, పాత సైనికశాలలలో, కళాశాల తెఱచిరి. చదువుకొనగోరు భారతీయ యువకులకు ఒక దీవి, స్వాతంత్ర్యము గోరినవారికి మఱియొక దీవి లభించినవి.

ఇట్లు తలుపులన్నియు మూసిన దేశమున ఒక కిటికీ మాత్రము తెఱచియుండెను. దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయమను సంస్థ 1873లో పరీక్షలు జరుపు సంస్థగా పుట్టి, 1946 నుండి తపాలా మూలమున పాఠములు చెప్పుచుండెను. పాఠము కవరులో వచ్చును. సమాధానము కవరులో పోవును. విద్యార్థి గుడిసెలో ఉన్నను, గనిలో ఉన్నను, జైలులో ఉన్నను చదువు సాగుటకు వీలుండెను. నల్లవారు కేప్‌టౌన్ విశ్వవిద్యాలయపు మెట్లెక్కరాదు గాని, ఆ నగరమునకు ఎదురుగా నున్న చెఱసాలలో కూర్చుండి పట్టము పొందవచ్చును! ఆ ప్రభుత్వపు చట్టములలోని ఈ విపరీతమును ఖైదీలు వెంటనే గ్రహించిరి.

అనుమతి లభించెను, కాని దానివెంట ఆంక్షలును వచ్చెను. రాజనీతి, యుద్ధచరిత్ర చదువరాదు. ఒకని పుస్తకమును మఱియొకనికి ఎరువీయరాదు. రుసుము భారము ఖైదీపైనను, వాని బంధువులపైనను ఉండెను. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, ఆ చదువు హక్కు కాదు, ప్రత్యేకానుగ్రహము. అనుగ్రహించిన చేయియే దానిని తిరిగి లాగికొనవచ్చును.

పగలంతయు వారికి పని. మొదట జైలు ముంగిట కూర్చుండి సుత్తులతో రాళ్లు కొట్టిరి. 1965 మొదలు సుమారు పదుమూడేండ్లు సున్నపురాతి గనిలో గునపములతోను, పారలతోను శ్రమించిరి. తెల్లని రాతిపై పడిన ఎండ కన్నులను బాధించుచుండెను. నల్లద్దములు కావలెనని అడుగగా అవి దొరకుటకు ఏండ్లు పట్టెను. సాయంకాలము ఒడలెల్ల సున్నపు ధూళితో గదికి చేరి, అప్పుడు పుస్తకము విప్పవలెను. గదిలో కూర్చుండి వ్రాసికొనుటకు బల్ల లేకుండెను. అడుగగా అధికారులు గోడకు రొమ్మెత్తున ఒక పలకను బిగించిరి. దినమంతయు రాళ్లు త్రవ్వినవాడు రాత్రి నిలుచుండి చదువవలెనా యని ఖైదీలు వాదించిరి. చివరకు పలకలు క్రిందికి దిగినవి, మూడుకాళ్ల పీటలు వచ్చినవి. ఒక్కటి మాత్రము అడుగకుండగనే లభించెను. కాపలాకొఱకై గదులలో దీపములు రాత్రియంతయు వెలుగుచుండెను. ఖైదీని కనిపెట్టుటకు పెట్టిన దీపము విద్యార్థికి ఉపకరించెను.

పుస్తకముల కథ ఇంకను విచిత్రమైనది. గ్రంథాలయమునకు జాబు వ్రాసి పుస్తకము తెప్పించుకొనవచ్చును. జాబు జైలు పరిశీలకుని చేతిలో కొన్నాళ్లుండును; ఓడ దాటవలెను; పుస్తకము వచ్చిన తరువాత మరల పరిశీలకుని బల్లపై నిలువవలెను. ఇంతలో తిరిగి ఈయవలసిన గడువు దాటిపోవును. గడువు దాటినదని కావలివారు పుస్తకమును, వచ్చినదని చెప్పకయే, తిరిగి పంపివేయుదురు. కొంతకాలమునకు ఆలస్యపు జరిమానా చీటీ వచ్చును. కంట చూడని పుస్తకమునకు జరిమానా చెల్లించిన విద్యార్థులు లోకమున మఱెచ్చటనైన ఉందురా? ఒక్కొక్కప్పుడు మాత్రము అధికారుల అజ్ఞానము ఖైదీలకు మేలు చేసెను. అర్థశాస్త్రము చదువుచుండిన మాక్ మహరాజ్, ది ఎకానమిస్ట్ అను లండను వారపత్రిక తన చదువునకు అవసరమని అర్జీ పెట్టిరి. పేరు చూచి అది పాఠ్యగ్రంథమువంటిదని అధికారులు ఒప్పుకొనిరి. వార్తాపత్రికలు నిషేధింపబడిన జైలులోనికి ప్రపంచవార్తలన్నియు ఇట్లు తపాలాలో వచ్చి చేరెను. కొలది కాలములోనే రహస్యము బయటపడి పత్రిక నిలిచిపోయెను.

పుస్తకము ఎరువీయరాదన్న నిబంధనను ఖైదీలు పాటింపలేదు. ఈ చరిత్రలో మేము ప్రధానముగా భావించునది ఈ యంశమే. ఒకడు రుసుము కట్టి తెప్పించిన పాఠమును పదిమంది చదివిరి. గనిలో పని చేయుచునే బోధన సాగించిరి. సిసులు తమ సంస్థ చరిత్రను చెప్పిరి. కత్రాడా భారతీయుల పోరాటచరిత్రను చెప్పిరి. మండేలా అర్థశాస్త్రమును రాజకీయములతో కలిపి బోధించిరి. జర్మనీలో డాక్టరు పట్టము పొంది వచ్చిన నెవిల్ అలెగ్జాండర్ అచ్చట సహఖైదీలకు ఉపాధ్యాయులైరి. అక్షరము రానివారు ఇసుకలో వ్రాసి దిద్దుకొనిరి. సిమెంటు సంచుల కాగితమును చింపి వ్రాతపుస్తకములు చేసికొనిరి. కాలక్రమమున కావలివారిలో కొందఱు తామును పరీక్షలకు కట్టి, ఖైదీల సహాయము కోరిరి! ఆ దీవికి విశ్వవిద్యాలయమను పేరు ఇందువలననే వచ్చెను. పట్టము ఒకనిపేర వచ్చినను దానివెనుక ఆ గదుల వరుస యంతయు ఉండెను.

అనుగ్రహము ఎంత సులభముగా పోవునో 1977లో తెలియవచ్చెను. అంతకు ముందు సంవత్సరము మండేలా రాత్రులయందు రహస్యముగా తమ జీవితచరిత్రను వ్రాసిరి. కత్రాడా, సిసులు దానిని చదివి సవరణలు సూచించిరి. మాక్ మహరాజ్ దానిని సూక్ష్మాక్షరములతో నకలు వ్రాసి, 1976 చివర విడుదలయైనప్పుడు బయటికి చేర్చిరి. మూలప్రతిని కోకో డబ్బాలలో పెట్టి ముంగిట పాతిపెట్టిరి. గోడ కట్టుటకై నేల త్రవ్వినప్పుడు కొన్ని కాగితములు బయటపడినవి. వ్రాతను బట్టి ముగ్గురిని గుర్తించిరి. కొరడా లేదు, క్రొత్త కేసు లేదు. ముగ్గురి చదువును నిలిపివేసిరి. అది నాలుగేండ్లపాటు సాగెను. ఆ ఖైదీలకు ఏది తీసివేసినచో నొప్పి కలుగునో జైలువారికి బాగుగా తెలియును. శిక్షగా దానినే ఎన్నుకొనుట చదువు విలువకు వారిచ్చిన సాక్ష్యము.

ఇన్ని అడ్డంకులు దాటి వారు సాధించినదేమి? కత్రాడా ఇరువదియాఱు సంవత్సరముల చెఱలో చరిత్ర, నేరశాస్త్రము, గ్రంథాలయశాస్త్రము, ఆఫ్రికా రాజకీయములు చదివి నాలుగు పట్టములు పొందిరి. ప్రిటోరియాలో ఒంటరిపాటు పడిన గోల్డ్‌బర్గ్ ఇరువదిరెండేండ్లలో ప్రజాపరిపాలన, చరిత్ర, భూగోళము, గ్రంథాలయశాస్త్రము మున్నగునవి చదివి పట్టములు సంపాదించిరి. మండేలా కథ మఱియు దీర్ఘమైనది. రివోనియా తీర్పునకు కొలది దినముల ముందు, ఉరిశిక్ష తప్పదని పలువురు తలచుచుండగా, ఆయన లండను విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పరీక్షలు వ్రాసిరి. అంతకు చాల ముందుగనే విట్‌వాటర్స్‌రాండ్‌లో న్యాయశాస్త్రపు చదువు అసంపూర్తిగా నిలిచియుండెను. పుస్తకములు అందక, అనుమతులు మాఱి, శిక్షలు తగిలి, ఆ చదువు సాగుచు నిలుచుచు పోయెను. తుదకు 1989లో, విక్టర్ వెర్‌స్టర్ జైలులో నుండగా, దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయము ఆయన పరోక్షమున న్యాయశాస్త్ర పట్టము నిచ్చెను. అప్పటికి ఆయనకు డెబ్బది యేండ్లు నిండెను. మఱుసటి సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన విడుదలయైరి, 1994లో దేశాధ్యక్షులైరి.

వీరందఱికంటె చిన్నవాడొకడు కలడు. డిక్‌గాంగ్ మోసెనెకె 1963లో, పదునైదేండ్ల వయస్సున, ప్రభుత్వమునకు ఎదురు తిరిగెనన్న నేరముపై అరెస్టు కాబడి, పదేండ్ల శిక్షతో ద్వీపము చేరెను. బడి ముగియకయే వచ్చిన ఆ బాలుడు అచ్చటనే మెట్రిక్యులేషను ముగించి, బి.ఏ. పట్టము పొంది, న్యాయశాస్త్రమునకు పునాది వేసికొని, 1973లో బయటికి వచ్చెను. తరువాత న్యాయవాదియై, 1993 నాటి తాత్కాలిక రాజ్యాంగమును వ్రాసినవారిలో ఒకరై, 2005 నుండి 2016 వరకు ఆ దేశపు ఉపప్రధానన్యాయమూర్తి పదవి నిర్వహించిరి. 2013లో మండేలా మరణించిన పిదప, ఆయన వీలునామాను అమలు జరుపువారిలో ఒకరుగా నిలిచినవారును మోసెనెకెయే.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు మరలుదము. పాలకులు చదువునకు అనుమతి నిచ్చినది దయవలన మాత్రమే కాదు. చదువుకొను ఖైదీ అలజడి చేయడని, అనుమతి పోవునన్న భయముచేత అణగియుండునని వారి లెక్క. ఆ లెక్క కొంతవఱకు నిజమే. కాగితములు దాచిన నేరమునకు నాలుగేండ్ల చదువు పోగొట్టుకొన్న ఆ ముగ్గురును దాని బరువు నెఱుగుదురు. కాని పాలకులు ఒక్కొక్క ఖైదీకి వేఱుగా ఇచ్చిన చదువును ఖైదీలు అందఱిదిగా చేసికొనిరి. లెక్క తప్పినది అచ్చట. పంచుకొనిన పాఠమును ఏ అధికారియు తిరిగి లాగికొనలేడు. మండేలా పుస్తకములను గైకొనవచ్చును. గనిలో ఆయన నోట విన్నదానిని పదిమంది తలలలోనుండి తీసివేయుట ఎవరి తరము?

1991లో రాజకీయఖైదీలు ద్వీపమును విడిచిరి. 1997లో అది వస్తుప్రదర్శనశాల ఆయెను. 1999లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందెను. 1995లో పూర్వఖైదీలు అచ్చట మరల కలిసికొన్నప్పుడు, సున్నపుగని ముఖద్వారమున మండేలా ఒక రాయి పెట్టిరి. వెంటనే తక్కినవారును తలకొక రాయి తెచ్చి దానిపై చేర్చిరి. పట్టము పొందినవారు పెట్టిన రాయి, పరీక్షకు రుసుము కట్టలేనివారు పెట్టిన రాయి, ఇసుకలో అక్షరములు దిద్దినవారు పెట్టిన రాయి, అన్నియు ఆ కుప్పలో కలిసియున్నవి. ఏ రాయి ఎవరిదో చూపుటకు పేర్లు వ్రాయలేదు.