నాడి వదిలి ఊపిరి చూడమన్న హైదరాబాదు

1891లో బొంబాయిలోని టైమ్స్ ఆఫ్ ఇండియా ముద్రణాలయం ‘రిపోర్ట్ ఆఫ్ ద హైదరాబాద్ క్లోరోఫార్మ్ కమిషన్’ అనే పుస్తకాన్ని అచ్చువేసింది. నిండా కుక్కల మీద, కోతుల మీద చేసిన ప్రయోగాల వివరాలూ, రక్తపోటు గీతల పటాలూ. సరదాకి చదివే పుస్తకం కాదు. కానీ ఐసీయూ నర్సులకు శ్వాసక్రియా శాస్త్రం బోధించవలసి వచ్చిన ప్రతిసారీ నాకు ముందుగా ఈ పుస్తకమే గుర్తుకువస్తుంది. మత్తులో ఉన్న మనిషి దగ్గర కూర్చున్నవారు దేనిని కనిపెట్టి ఉండాలి, నాడినా, ఊపిరినా అన్న ప్రశ్నను ఇంత పట్టుదలగా అడిగిన పుస్తకం మరొకటి నేను చూడలేదు.

ఆ ప్రశ్న వెనుక ఒక భయం ఉంది. 1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారాన్ని వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరిలో, ఉత్తర ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. ఆగింది గుండెనా, ఊపిరా? లండన్ వైద్యులు గుండె అన్నారు, అందుకని నాడి మీద వేలు తీయవద్దన్నారు. ఎడింబరోలో జేమ్స్ సైమ్ సంప్రదాయం వారు ఊపిరి అన్నారు. నాడి సంగతి విడిచి, ఛాతీ కదలికనూ శ్వాస చప్పుడునూ గమనించమన్నారు.

సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా, అక్కడి వైద్య పాఠశాలకు అధిపతిగా వచ్చాడు. గురువు మాట నిజమని రుజువు చేయాలన్నది ఆయన పట్టు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ సాయంతో 1888లో మొదటి కమిషన్ ఏర్పడింది. దాని ఫలితాలను ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చులకు వెయ్యి పౌన్లు ఇస్తామన్నది నిజాం ప్రభుత్వం. అలా 1889లో లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫారం గుండెను ఆపగలదని అంతవరకూ నమ్మినవాడాయన. వందల ప్రయోగాలు చూశాక మనసు మార్చుకున్నాడు. ప్రతిసారీ ముందు ఊపిరి ఆగుతోంది, గుండె ఆ తరువాతే ఆగుతోంది. కాబట్టి నాడిని విడిచి ఊపిరినే చూడండి అని రెండవ కమిషన్ తీర్పు చెప్పింది.

వైద్యుడంటే నాడి పట్టుకునేవాడని తరతరాలుగా నమ్మిన నేల మీద నుంచి వెలువడిన మాట ఇది. ఆ మాటను ఆచరణలో పెట్టిన వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, అక్కడే క్లోరోఫారం ఇచ్చి, 1909లో పై చదువుకు ఎడింబరో వెళ్ళిన ఆమెను ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరిగా లెక్కిస్తారు. కత్తి పట్టుకున్నవాడు గాయాన్ని చూస్తుంటే, రోగి తలాపున కూర్చుని అతని ఊపిరిని చూడడమే ఆమె పని. ఇవాళ ఐసీయూ నర్సు చేస్తున్నదీ అదే.

అయితే హైదరాబాదు తీర్పు సగమే నిజం. 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి, మత్తు తేలికగా ఉన్నప్పుడు క్లోరోఫారం గుండె లయను ఒక్కసారిగా చెదరగొట్టి ప్రాణం తీయగలదని చూపించాడు. హానా గ్రీనర్ మరణం వంటివాటికి అదే సరిపోయే వివరణ. అంటే లారీ బృందం చూసినది అబద్ధం కాదు. తాము చూసిన మరణం తప్ప వేరే మరణం లేదనుకోవడమే వారి పొరపాటు. ఊపిరి మీద చూపు నిలపడం గొప్ప నియమం. నాడిని పూర్తిగా విడిచిపెట్టమనడం ప్రమాదకరమైన నియమం. రెండూ ఒకే వాక్యంలో లోకమంతా తిరిగాయి.

ఊపిరిని చూడడం అంటే ఏమిటన్న రెండవ పాఠానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. 1952 వేసవిలో కోపెన్‌హాగన్‌ను పోలియో ముంచెత్తింది. అక్కడి బ్లెగ్డమ్ ఆసుపత్రిలో ఉన్నది ఒక్క ఇనుప ఊపిరితిత్తి, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరు. మొదటి మూడు వారాలలో శ్వాస కండరాలు చచ్చుబడిన 31 మందిలో 27 మంది మరణించారు. రోగులు నీలం తిరగలేదు, ఎర్రగానే ఉన్నారు. చెమటలు పట్టి, రక్తపోటు పెరిగి, మత్తులోకి జారి పోయేవారు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు మొత్తం ఎక్కువగా కనబడితే, ఏదో అంతుచిక్కని క్షారదోషం అనుకున్నారు.

మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ వారిని వేరే దారిలో ఆలోచింపజేశాడు. ఇది క్షారం కాదు, ఆమ్లం. రోగి బొగ్గుపులుసు వాయువును బయటికి పంపలేకపోతున్నాడు అన్నాడు. ఆగస్టు 27న పన్నెండేళ్ళ బాలికకు గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచితో చేత్తో గాలి ఊదించి ఆ మాట నిరూపించాడు. తరువాత సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. నూటికి 87గా ఉన్న మరణాలు సగానికి పైగా తగ్గాయి. 1953 డిసెంబరులో ఇబ్సెన్ తెరిచిన వార్డునే నేటి ఐసీయూలకు మూలంగా చెబుతారు.

ఈ కథను 2005లో ఒక శాస్త్రపత్రికలో విస్తారంగా రాసినవాడు జాన్ వెస్ట్. 1974లో తొలిసారి వెలువడిన ఆయన ‘రెస్పిరేటరీ ఫిజియాలజీ: ది ఎసెన్షియల్స్’ సన్నని పుస్తకం. నర్సుల కోసం రాసినది కాకపోయినా, నేను వారికి చెప్పే పాఠం దాని నుంచే వస్తుంది. బ్లెగ్డమ్ రోగులు ఎర్రగా ఉంటూనే ఎందుకు చనిపోయారో చెప్పే లెక్క అందులో ఉంది.

ఫహాహీల్ సముద్రపు ఒడ్డున ఉంది. ఇక్కడి గాలి పీడనం 760 మిల్లీమీటర్లు. నీటి ఆవిరికి 47 పోతే 713. అందులో 21 పాళ్ళు ప్రాణవాయువు, అంటే సుమారు 150. వాయుకోశాలలోని బొగ్గుపులుసు వాయువు మామూలుగా 40, దానిని 0.8తో భాగించి 150 నుంచి తీసివేస్తే 100 మిగులుతుంది. ఇది ఆరోగ్యవంతుడి లెక్క. ఊపిరి సగమై ఆ 40 కాస్తా 80 అయితే మిగిలేది 50. వేలికి తగిలించిన యంత్రం 80 శాతం దరిదాపులకు పడిపోయి గోలపెడుతుంది. ఇప్పుడు అదే రోగికి మాస్కుతో 30 శాతం ఆక్సిజన్ ఇవ్వండి: 214 నుంచి 100 తీసివేస్తే 114. యంత్రం 97 చూపి ఊరుకుంటుంది. రోగి ఊపిరి మాత్రం బాగుపడలేదు. బొగ్గుపులుసు వాయువు అలాగే ఉంది, ఇంకా పెరగవచ్చు కూడా. అతను నిద్రపోతున్నాడని అందరూ సంతోషిస్తుండగా మత్తులోకి జారుతుంటాడు.

ఆక్సిజన్ తీసేయమని దీని అర్థం కాదు. ఆ యంత్రం చెప్పేది ప్రాణవాయువు చేరుతున్నదా లేదా అన్నదే, గాలి ఆడుతున్నదా లేదా అన్నది కాదు. దాని సూత్రాన్ని 1970లలో కనిపెట్టిన జపాను ఇంజనీరు తకువో అవొయాగి, కోవిడ్ ధర్మమా అని ఆ పరికరం ఇంటింటికీ చేరుతున్న కాలంలోనే, 2020 ఏప్రిల్‌లో మరణించాడు. ఎన్ని ప్రాణాలు నిలిపిందో ఆ పరికరం. కాని అది నర్సు కంటికి బదులు కాదు.

ఏ దేశపు వార్డులోనైనా చార్టు తెరిచి శ్వాసల గడి చూడండి: 18, 20, 18, 20. రాత్రంతా అవే అంకెలు. నాడినీ రక్తపోటునూ యంత్రం లెక్కపెడుతుంది కనుక అవి నిజంగా మారుతుంటాయి. ఛాతీని నిండు నిమిషం చూసి లెక్కపెట్టవలసినది మనిషి కనుక అది మారదు. సోమరితనం అని తిడితే ఇది మారదు. ఎందుకు లెక్కపెట్టాలో, 10కి తగ్గితే లోపల ఏమి జరుగుతుందో తెలిసినప్పుడే మారుతుంది. అందుకే నర్సుకు నియమాలు చాలవు, శాస్త్రం కావాలి. హైదరాబాదు కమిషన్ ఇచ్చింది నియమం. ఇబ్సెన్ ఇచ్చింది కారణం. కారణం లేని నియమం ఇరవై రెండేళ్ళలో సగం తప్పయింది. కారణం తెలిసినవారు మాత్రం 97 అంకెను చూసి కూడా రోగి భుజం తట్టి పేరు పెట్టి పిలుస్తారు. పలకకపోతే, ధమని రక్తం తీసి బొగ్గుపులుసు వాయువు చూడమని డాక్టరును నిద్రలేపుతారు.

కమిషన్ నివేదికను పూర్తిగా చదవమని సాహిత్యాభిమానులకు చెప్పను. కాని ఆ పేరు మన నగర చరిత్రలో చార్మినారు పక్కన కాకపోయినా, ఒక మూలనైనా ఉండదగినది. వెస్ట్ పుస్తకాన్ని మాత్రం మీ ఇంట్లో నర్సు ఉంటే కొనిపెట్టండి.